చివరి జత

అద్దం ముందు నిలబడి కూతురు జడతో కుస్తీ పడుతోంది. పదిహేడేళ్లొచ్చినా పాపిడి తిన్నగా తీసుకోవడం రాదు. వంటింట్లో టిఫిన్ డబ్బాలు సర్దుతున్న తల్లికి ఆ అవస్థంతా కనిపిస్తూనే ఉంది.

“అమ్మా, ఒక్కసారి వేసిపెట్టవూ?”

“నాకు టైమవుతోంది. నువ్వే వేసుకో.”

నిజానికి బోలెడు టైముంది. చేతులే రావడం లేదు.

ఆమె పనిచేసేది క్రోమోజోములు చూసే ల్యాబులో. రక్తకణంలోని క్రోమోజోములను ఫొటో తీసి, తెరమీద జతలుగా పేర్చాలి. చివరి జతలో రెండు ఎక్స్‌లుంటే ఆడ, ఎక్స్ పక్కన పొట్టి వై ఉంటే మగ అని కొత్తగా చేరినవాళ్లకు ఆమే నేర్పుతుంది. ఇంట్లోవాళ్ల శాంపిల్ తమ చేత్తో చూడకూడదని అక్కడి నియమం. కూతురు ఇంకా పెద్దమనిషి కాలేదని డాక్టరమ్మ పరీక్ష రాసినప్పుడు, నలుగురి నోళ్లలో పడుతుందన్న భయంతో ఆ నియమాన్ని పక్కనపెట్టి తనే చూసింది. చివరి జతలో పొట్టి వై కనిపించింది. శాంపిళ్లు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేసింది. మళ్లీ అదే.

“వైలో ఒక జన్యువుంటుంది. కడుపులో బిడ్డను మగవైపు మళ్లించేది అదే. మీ పాపలో అది పనిచేయలేదు. అందుకే మొదట్నుంచీ ఆడపిల్లగానే పెరిగింది. కాకపోతే లోపల ఎదగకుండా మిగిలిన గ్రంథులు ముందుముందు క్యాన్సర్ కావచ్చు, తీసేయాలి” అంది డాక్టరమ్మ.

ఆపరేషన్ వచ్చే వారమే. చిన్న గడ్డ అని కూతురికి చెప్పింది. భర్తకూ అదే చెబితే ఆయన తలూపి పేపర్లో తల దూర్చాడు. ఇద్దరు మనుషుల మధ్య తిరుగుతూ కూడా ఆమె ఒంటరిదైపోయింది.

దువ్వెన ఠక్కున బల్లమీద పడింది.

“నిన్న డాక్టరమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లొచ్చాను. గడ్డ కాదటగా?”

తల్లి చేతిలోని మూత పక్కనపెట్టి ఇవతలికొచ్చింది. “ఎంతవరకు చెప్పింది?”

“మొత్తం.”

“నువ్వు తట్టుకోలేవని…”

“తట్టుకోలేనిది నేనా, నువ్వా?” కూతురు ఇటు తిరిగింది. “నన్ను తల్లీ అని పిలిచి ఎన్నాళ్లయిందో తెలుసా? మాటకు ముందొకటి, వెనకొకటి తల్లీ అనేదానివి. జడ వేయడం మానేశావు. నేనేం తప్పు చేశానోనని ఆలోచించి ఆలోచించి చచ్చాను. నిన్న ఆవిడ చెబుతుంటే నాకు భయం వేయలేదమ్మా. ఓహో, అమ్మ నన్ను ముట్టుకోనిది ఇందుకా అనిపించింది. అప్పుడొచ్చింది ఏడుపు.”

అలా పిలవడం మానేశానని ఆమెకే తెలియదు. ల్యాబులో తెరను చూసే కళ్లతోనే ఇంట్లో పిల్లనూ చూసింది. జ్వరమొస్తే తన పొట్టకు అతుక్కుని పడుకునే పిల్ల ఎదురుగానే ఉంది, ఏమీ మారలేదు. దాన్ని తనే దూరం పెట్టింది. తన ఒంటరితనం చూసుకుంటూ దాని ఒంటరితనం చూడనేలేదు.

“తప్పైపోయిందే…” చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

కూతురు ముక్కు తుడుచుకుంది. “నాన్నకు నేనే చెప్తాలే. ఆ వై ఆయన దగ్గర్నుంచి వచ్చిందేగా? ఆయనలాగే నోరు మెదపలేదు.”

ఏడుస్తూనే నవ్వేసింది తల్లి. కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి దువ్వెన అందుకుంది. కన్నీళ్లలో సరిగా కనపడక పాపిడి వంకరపోయింది.

“వంకరగా వచ్చింది కదూ?”

“వచ్చింది. మళ్లీ తీస్తానుండు.”

“నీకు టైమవుతోందన్నావు?”

“కదలకు, తల్లీ” అంది.