ఏడో పేజీలో లేని వాక్యం

మే 12, సోమవారం ఉదయం 8:10కి గంగాధర్ ఫోన్‌కు కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది. అతను ఇచ్చిన వ్యాసంలో డెబ్బై ఒక శాతం రాజా అనే మరో విద్యార్థి వ్యాసంతో కలుస్తోందని, బుధవారం పదకొండు గంటలకు కమిటీ ముందు హాజరు కావాలని అందులో ఉంది. రాజా తన వ్యాసాన్ని ఏప్రిల్ 29న ఇచ్చాడు. గంగాధర్ మే 1న ఇచ్చాడు. కాపీ రుజువైతే ఏడాది సస్పెన్షన్.

గంగాధర్‌కు ఇరవై రెండేళ్లు. తండ్రి ఇఖామా, అంటే నివాస అనుమతి, మీద కువైట్‌లో ఉండే వయసు దాటింది. అతనిది విద్యార్థి ఇఖామా. దాని గడువు మే 20 వరకే ఉంది. పొడిగించాలంటే కాలేజీ లెటర్ కావాలి. కేసు తేలేదాకా అది ఇవ్వరు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి అతని తండ్రి రామాంజనేయులు షువైఖ్‌లో మహమ్మద్ గౌస్ ఆఫీసుకు వచ్చాడు. గౌస్ రాయచోటి మనిషి. ఇరవై ఏళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల కోసం యాక్సిడెంట్ కేసులు విచారించాడు. ఇప్పుడు సొంతంగా కేసులు చూస్తున్నాడు. ఆఫీసు ఒక గ్యారేజీ పైన ఉంది. జగిత్యాల నుంచి వచ్చిన దేవేందర్ అతని కారు నడుపుతాడు, రిపోర్టులు టైపు చేస్తాడు.

రామాంజనేయులు అహ్మదిలో ఒక కాంట్రాక్టర్ దగ్గర వెల్డర్. డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. వెంట బాలసుబ్బయ్య ఉన్నాడు. అదే కాంట్రాక్టర్ ఆఫీసులో క్లర్కు. అక్కడి తెలుగువాళ్ల ఫారాలూ లెటర్లూ అన్నీ అతనే రాస్తాడు. ఇద్దరూ పదకొండేళ్లుగా పక్కపక్క గదుల్లో ఉంటున్నారు.

“మావోడు కాపీ కొట్టలేదన్నా,” రామాంజనేయులు అన్నాడు. “వాళ్లమ్మ సబా అల్ సలేంలో ఇంటి పనిలో ఉంది. ఆమె ఫోన్ చేస్తే ఎత్తాలంటే భయమేస్తాంది నాకు. ఏం చెప్పాల?”

“నేను చెప్పేదొకటే,” బాలసుబ్బయ్య అన్నాడు. “క్షమాపణ లెటర్ ఇద్దాం. నేనే రాస్తా. తొమ్మిది చోట్ల వెతికి సమాచారం తెచ్చి రాసినాడు పిల్లోడు, పాపం. యాడో పొరపాటు జరిగింటాది.”

“చేయని తప్పుకు క్షమాపణ ఏందప్పా?”

“ఊరుకోన్నా. కాలేజీతో కొట్లాడి గెలిచినోడు ఎవుడన్నా ఉన్నాడా ఈడ?”

గౌస్ నోట్‌బుక్‌లో ఒక అంకె రాసుకున్నాడు. ఈమెయిల్‌కు జతచేసిన రెండు వ్యాసాలనూ ప్రింట్ తీయమని దేవేందర్‌కు చెప్పాడు.

సాయంత్రం అహ్మదిలో రామాంజనేయులు గదిలో గంగాధర్‌తో మాట్లాడారు. బాలసుబ్బయ్య టీ తెచ్చి అక్కడే కూర్చున్నాడు. గంగాధర్ టీ ముట్టలేదు. వ్యాసం చమురు బయటపడక ముందు కువైట్‌కు పడవల మీద మంచినీళ్లు ఎలా వచ్చేవన్న దాని గురించి. ముఖ్యమైన పుస్తకం కాలేజీ లైబ్రరీలో ఒక్కటే ఉంది. ఇంటికివ్వరు. నలభై పేజీలు జిరాక్స్‌కు మాత్రం ఒప్పుకున్నారు.

“ఎక్కడ తీయించావు?” గౌస్ అడిగాడు.

“ఫర్వానియాలో అల్లాబకష్ షాపులో సార్.”

“వ్యాసం ఇచ్చేముందు ఎవరికైనా చూపించావా?”

గంగాధర్ బాలసుబ్బయ్య వైపు చూశాడు. “లేదు సార్,” అన్నాడు.

గౌస్ అతని జిరాక్స్ కట్ట, చిత్తుప్రతి నోట్‌బుక్ తీసుకున్నాడు. కారులో దేవేందర్ నోట్‌బుక్ తిరగేశాడు.

“సార్, ఈ పిలగాడు రిఫరెన్సులు ఎట్ల పడితే అట్ల రాసిండు. ఒక తాన రచయిత పేరు లేదు, ఒక తాన ఏడాది లేదు. వ్యాసంల జూస్తే లిస్టు మొత్తం అక్షరాల వరసల ఉంది. చుక్క చుక్క సక్కగుంది.”

“లిస్టులో ఎన్ని ఉన్నాయి?”

దేవేందర్ లెక్కపెట్టాడు. “గంగాధర్‌ది పది. రాజాది తొమ్మిది. ఆ తొమ్మిదీ ఇందులో ఉన్నయే.”

“లిస్టు చేసినవాడికి పద్ధతి తెలుసు. పుస్తకం తెలీదు,” గౌస్ అన్నాడు.

“గదెట్ల సార్?”

“రేపు లైబ్రరీలో చూద్దాం.”

మంగళవారం ఉదయం లైబ్రరీలో ఇద్దరూ ఆ పుస్తకాన్ని గంటసేపు చూశారు. మధ్యాహ్నం అల్లాబకష్ షాపుకు వెళ్లారు. అల్లాబకష్‌ది ప్రొద్దుటూరు. పుస్తకం రెండు పేజీలు ఒక కాగితం మీద పట్టాలంటే అంచులు పోతాయని, అసలు పేజీ నంబర్లు దాంతోపాటే పోతాయని చెప్పాడు.

“కట్ట జారిపడితే మళ్లా వరస పెట్టేదెట్లా భాయ్? అందుకే పేజీ పేజీకీ నేను నంబర్ కొడతా. ఒకటి నుంచి మొదలు.” నంబరింగ్ మిషన్ తీసి చూపించాడు. ఆ పుస్తకాన్ని ఇంకెవరికీ జిరాక్స్ తీయలేదన్నాడు. బుధవారం కాలేజీకి రావడానికి ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి రామాంజనేయులు గౌస్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ ఒకటే అడిగాడు. పిల్లోడికి ఊరికి టికెట్ తీయాలా, ఆగాలా? ఆగమని గౌస్ నాలుగుసార్లూ చెప్పాడు.

బుధవారం పదకొండు గంటలకు కమిటీ గదిలో అందరూ కూర్చున్నారు. కమిటీ అధ్యక్షురాలు ఈజిప్టు ప్రొఫెసర్. ఇంగ్లీషులో మాట్లాడింది. రామాంజనేయులుకు అనువాదం చెప్పడానికి బాలసుబ్బయ్య వచ్చాడు. రాజా ఒక చివర కూర్చున్నాడు. బల్ల మీద లైబ్రరీ పుస్తకం ఉంది.

గౌస్ అనుమతి తీసుకుని రాజాను అడిగాడు. “నీళ్ల పడవల లెక్క చెప్పిన వాక్యం ఎక్కడిది?”

“ఆ పుస్తకంలోది. ఏడో పేజీ. వ్యాసంలో రాశా కదా.”

“జిరాక్స్ తీయించావా?”

“లేదు. లైబ్రరీలో కూర్చుని చదివా.”

గౌస్ పుస్తకం ఏడో పేజీ తెరిచి అధ్యక్షురాలి ముందు పెట్టాడు. అది విషయసూచిక. తర్వాత 118వ పేజీ తెరిచాడు. వాక్యం అక్కడుంది. గంగాధర్ జిరాక్స్ కట్టలో ఏడో నంబర్ పేజీ పక్కన పెట్టాడు. అదే వాక్యం. ఆ నంబర్ తన మిషన్‌తో కొట్టిందేనని అల్లాబకష్ చెప్పాడు.

“గంగాధర్ షాపు నంబర్లనే పేజీ నంబర్లనుకున్నాడు. పుస్తకం నుంచి ఇచ్చిన పదకొండు పేజీ నంబర్లూ తప్పే,” గౌస్ అన్నాడు. “పుస్తకం చూసి రాసినవాడు ఈ తప్పు చేయలేడు. రాజా వ్యాసంలో అవే పదకొండు తప్పులు ఉన్నాయి.”

“నేనే రాశా,” రాజా అన్నాడు.

ముందు ఇచ్చింది రాజా కదా అని అధ్యక్షురాలు అడిగింది.

“గంగాధర్ లిస్టులో పదోది ఒక వెబ్‌సైట్. చూసిన తేదీ ఏప్రిల్ 28 అని రాశాడు. రాజా దగ్గర అది లేదు. అంటే రాజాకు చేరింది 28కి ముందు ప్రతి. అప్పుడు ఆ ప్రతి ఇంకొకరి దగ్గర ఉంది. రిఫరెన్సుల లిస్టు సరిచేసిన మనిషి దగ్గర.” గౌస్ పక్కకు తిరిగి తెలుగులో అన్నాడు. “సోమవారం మా ఆఫీసులో తొమ్మిది అన్నావు. కమిటీకి ఇచ్చిన వ్యాసంలో పది ఉన్నాయి. నువ్వు చూసిన వ్యాసం ఏది, బాలసుబ్బయ్యా?”

బాలసుబ్బయ్య అనువాదం ఆపాడు.

“ఏదో నోటికొచ్చిందన్నా.”

గంగాధర్ లేచాడు. “ఏప్రిల్ 24న నేనే మామకు పెన్‌డ్రైవ్ ఇచ్చినా సార్. నాకు లిస్టు రాయడం రాదు. 26న తిరిగిచ్చినాడు. బయటివాళ్ల సాయం తీసుకున్నట్టు తెలిస్తే అదింకో కేసవుతుంది, చెప్పొద్దన్నాడు మామ.”

రామాంజనేయులు బాలసుబ్బయ్యను చూశాడు. “నువ్వా, బాలా?”

“వేరే సెక్షన్, వేరే సార్ కదా అనుకున్నా,” బాలసుబ్బయ్య అన్నాడు. “అందరివీ ఒకే కంప్యూటర్లో వేస్తారని నాకేం తెలుసన్నా? రాజా దుడ్లిచ్చి రెండ్రోజుల్లో కావాలన్నాడు. కూర్చోని రాసే తీరిక లేదు. చేతిలో ఇది ఉండె.”

గౌస్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. రాజా కాదంటున్నాడు కాబట్టి బాలసుబ్బయ్య రాతపూర్వకంగా ఇస్తే కేసు ఈరోజే ముగిస్తామని, లేకపోతే విచారణ వచ్చే నెలకు పోతుందని అధ్యక్షురాలు చెప్పింది. కాగితం అతని ముందు పెట్టింది. అప్పుడు సమయం 12:05.

“సంతకం పెడితే నేను ఖలాస్ అన్నా,” బాలసుబ్బయ్య అన్నాడు. “కంపెనీ ఇఖామా మీద ఉండి బయట పని చేసినానని నా చేత్తో నేను రాసిచ్చినట్టే. నాకూ పిల్లలుండారు.”

“వచ్చే నెలంటే ఎట్లప్పా?” రామాంజనేయులు అన్నాడు. “వానికి ఇరవయ్యో తారీకు దాకే ఉంది.”

“తెలుసు. ఆ ఫారం నింపింది నేనే.”

దేవేందర్ తన జేబులోని పెన్ను తీసి కాగితం పక్కన పెట్టాడు. బాలసుబ్బయ్య ఇంగ్లీషులో పదమూడు వరుసలు రాశాడు. 12:20కి సంతకం పెట్టాడు.

కమిటీ రాజాను ఏడాది సస్పెండ్ చేసింది. గంగాధర్ మీద కాపీ ఆరోపణ కొట్టేసింది. బయటి సాయం దాచినందుకు హెచ్చరిక లెటర్ ఇచ్చింది. తప్పు పేజీ నంబర్లకు పదకొండు మార్కులు తీసేసింది. గురువారం అతను లైబ్రరీలో కూర్చుని నంబర్లు సరిచేసి ఇచ్చాడు. మే 19న అతని ఇఖామా ఏడాదికి పొడిగించారు.

కాలేజీ బాలసుబ్బయ్య వాంగ్మూలం నకలును అతని కంపెనీకి పంపింది. కంపెనీ మే 25న అతని ఇఖామా రద్దు చేసింది. మే 29న మధ్యాహ్నం అతను చెన్నై విమానం ఎక్కాడు. అహ్మది నుంచి ఎయిర్‌పోర్టు దాకా అతని పెట్టెలు మోసుకొచ్చింది రామాంజనేయులు.