కారెక్కితే పడిపోయే షుగర్

"ఫోన్ ఆఫ్ చేసి ఆ డబ్బాలో పడేయండి. నా కారులో మొదటి పాఠం అదే," అంది డ్రైవింగ్ టీచరమ్మ.

"ఆఫ్ చేయడం కుదరదండీ," అన్నాడతను, స్టీరింగ్‌ని కావలించుకున్నంత పని చేస్తూ.

"అవతల అంత ముఖ్యమైనవాళ్ళున్నారా?"

"నా రక్తం ఉందండీ."

వేళాకోళం అనుకుని ఆమె కళ్ళెర్రజేసింది. అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ వెనక అంటించుకున్న తెల్లటి బిళ్ళ చూపించాడు. చిన్నప్పటి నుంచీ అతనికి షుగర్. ఒంట్లో అది ఎంతుందో ఆ బిళ్ళ ఎప్పటికప్పుడు ఫోన్‌కి చేరవేస్తుంది. పడిపోతుంటే ఫోన్ కూత పెడుతుంది. అదే కూత ఇంట్లో వాళ్ళమ్మ ఫోన్‌లోనూ వినిపిస్తుంది. అభ్యంతరమైతే దిగిపోతానన్నాడు.

"దిగమన్నానా? క్లచ్ తొక్కండి," అందామె.

సారీ అనే మాట ఆవిడ నిఘంటువులో లేనట్టుంది. మర్నాడు చూస్తే మాత్రం డ్యాష్‌బోర్డు మీద టాఫీలున్నాయి.

అతని ఉద్యోగం కూడా ఆ బిళ్ళలతోనే. వాటిని రోగులకు అంటించడం, ఎలా వాడాలో నేర్పడం. తన చిన్నతనంలో వాళ్ళమ్మ అలారం పెట్టుకుని లేచి, నిద్రపోతున్న కొడుకు వేలు గుచ్చి చూసేది. ఇప్పుడు ఆ బిళ్ళ పుణ్యమా అని హాయిగా కన్ను మూస్తోంది. ప్రపంచంలో ఎక్కడైనా ఇలాంటి పిల్లలున్న తల్లులకు కరువైంది నిద్రేనని అతనికి తెలుసు. జబ్బు పూర్తిగా పోకపోయినా చెప్పుచేతల్లో ఉంచుకోవచ్చని, అందుకు తనే సాక్ష్యమని ధైర్యంగా చెప్పేవాడు. అందుకే దూరపు పల్లెలు తిరిగే కొత్త పోస్టు రాగానే ఎగిరి గంతేశాడు. ఆఫీసు కారిస్తుంది, నడపడం మాత్రం రావాలి.

నడపడం వస్తోంది. చిక్కల్లా షుగర్‌తోనే.

కారెక్కిన కాసేపటికి ఫోన్ కూత పెట్టేది. ఆమె తన వైపున్న బ్రేకు తొక్కి, కారు పక్కకు తీయించి, టాఫీ చేతిలో పెట్టేది. అది చప్పరిస్తున్నంతసేపూ కబుర్లు. వాళ్ళ నాన్న లారీ మీద తను డ్రైవింగ్ నేర్చుకున్న వైనం, గేర్లు కరకరలాడించే పెద్దమనుషులకు పెట్టిన చీవాట్లు ఆమె చెబుతుంటే అతను పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఒకసారి ముసురు పట్టి, అద్దాల మీద వైపర్లు ఆడుతుంటే, ఈ వాన ఇప్పట్లో ఆగకపోతే బాగుండుననుకున్నాడు. ఆమె కూడా వాన గురించి విసుక్కోలేదు.

కానీ వేలు గుచ్చి చూసుకుంటే షుగర్ మామూలుగానే ఉండేది. ఆ చేతికే కొత్త బిళ్ళ అంటించుకున్నా అదే వరస. ఇంట్లో, ఆఫీసులో ఏ గొడవా లేదు. కారెక్కితే చాలు, ఫోన్‌లో అంకె కింద పడుతోంది.

తీరా కారణం తట్టింది ఓ రోజు పొద్దున్న, ఆఫీసులో ఒక పిల్లాడి తల్లికి పాఠం చెబుతుండగా. "బిళ్ళ ఉన్న చేతి మీద ఒత్తిడి పడేలా పడుకోబెట్టకండి, షుగర్ పడిపోయినట్టు తప్పు లెక్క చూపిస్తుంది," అంటూ నోట్లో మాట నోట్లోనే ఆపేశాడు. పరీక్షలో తెలిసిన లెక్కే తప్పు చేసినట్టు సిగ్గేసింది. సాయంత్రం చప్పుడు చేయకుండా కొత్త బిళ్ళ రెండో చేతికి అంటించుకుంటే సరిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

సాయంత్రం దాకా వాళ్ళమ్మ ఆగితేగా. మధ్యాహ్నం పాఠానికి అతను వెళ్ళేసరికి ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కుర్చీ వేసుకుని కూర్చునుంది.

"బండి నడపడం వీడి ఒంటికి పడట్లేదమ్మా. ఇవాళ్టితో మానిపించేస్తాను. ఆ పోస్టు కూడా వద్దని ఆఫీసులో చెప్పేస్తాడు," అంటోంది టీచరమ్మతో.

పోస్టూ పోతుంది, పాఠాలూ పోతాయి, ఈ అమ్మాయీ పోతుంది.

"అమ్మా, నా షుగర్ పడట్లేదు. చెయ్యి తలుపుకి నొక్కుకుపోతోంది, అందుకే బిళ్ళ తప్పు చెబుతోంది."

"సీటు అంత వెడల్పుంటే తలుపుకెందుకు నొక్కుకుపోయావురా?"

టీచరమ్మ కూడా చేతులు కట్టుకుని జవాబు కోసం చూస్తోంది. సీటు ఇరుకని బొంకుదామంటే ఆ కారు గుమ్మం ముందే ఉంది. అమ్మ నమ్మాలంటే నిజమే చెప్పాలి. చెప్పేశాడు.

"ఈవిడ పక్కనుంటే నేను దూరంగా జరిగిపోతానమ్మా. గేర్ మార్చేటప్పుడు చెయ్యి తగులుతుందేమోనని భయం. తగిలితే నా మనసులో ఉన్నది తెలిసిపోతుందేమోనని ఇంకా భయం. నాకీ అమ్మాయంటే ఇష్టం."

టీచరమ్మ చేతులు వాటంతటవే విడిపోయాయి. అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి లేచి నిలబడింది.

"మాటలు నేనూ చెబుతాను. నడిపి చూపించు. నేను వెనక కూర్చుంటాను."

నడిపాడు, సీటు మధ్యలో నిటారుగా కూర్చుని. మార్కెట్ దాటాడు, వంతెనెక్కి దిగాడు. గేర్ మార్చేటప్పుడు చెయ్యి తగిలింది, ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వెనక అమ్మ ఫోన్ మీంచి చూపు తిప్పలేదు. దానిలో షుగర్ గీత గట్టున నడిచే మనిషిలా నిలకడగా పోతోంది.

చాలాసేపటికి అమ్మ టీచరమ్మని అడిగింది. "నువ్వేమంటావమ్మా?"

"బాగానే నడుపుతున్నారండీ."

"నేనడిగింది బండి సంగతి కాదు."

ఆమె చెవుల దాకా ఎర్రబడినా గొంతు మాత్రం తొణకలేదు.

"ముందు లైసెన్సు రానివ్వండి. మా నాన్నతో మాట్లాడటానికి వచ్చేటప్పుడు బండి ఈయనే నడపాలి, అత్తయ్యా."

కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. అతనే క్లచ్ వదిలేశాడు. వెనక నుంచి ఎవరిదో హారన్ మోగింది. మళ్ళీ స్టార్ట్ చేసి, అతను కారు నెమ్మదిగా పక్కకు తీశాడు.

"నేనిక్కడ దిగుతాను," అంది అమ్మ తలుపు తీస్తూ.

"ఇల్లింకా దూరముందిగా అమ్మా."

"నడిచెళ్తాన్లే. మీరిద్దరూ ఇంకో రౌండు కొట్టి రండి."

దిగి, వాళ్ళ కళ్ళముందే ఫోన్‌ని చేతిసంచిలో వేసి జిప్పు లాగేసింది. కొడుకు పుట్టినప్పటి నుంచీ వాణ్ణి కనిపెట్టుకునే ఉన్న ఆ తల్లి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా ఇంటివైపు నడిచింది.