మూడోసారి వచ్చిన స్టూలు

ఫిజిక్స్ మేడమ్ ల్యాబులోని తిరిగే స్టూలును మూడోసారి మోసుకొచ్చి దించేసరికి మెకానిక్ గుండె గుభేలుమంది. ఆవిడ మొహం చూస్తే గొడవకే వచ్చినట్టుంది.

మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే ఆ షాపు వెనక గదిలోనే అతని కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక గ్లాసు. రోజంతా ఫ్యాన్లు తిరుగుతాయే తప్ప పలకరించే మనిషి ఉండదు. ఆవిడ మొదటిసారి వచ్చి అరగంట కబుర్లు చెప్పి వెళ్ళాకే, తనెంత ఒంటరివాడో అతనికి తెలిసొచ్చింది. అందుకే ఓ దొంగపని చేశాడు, అదీ రెండుసార్లు.

"ఒక లెక్క చూడండి," అంటూ ఆవిడ కాగితం తీసింది. "ఒకే బలంతో తోస్తే ఈ స్టూలు మీ దగ్గరికి రాకముందు పద్దెనిమిది చుట్లు తిరిగేది. మీరు బాగుచేశాక పదకొండు. మళ్ళీ బాగుచేశాక ఆరు. కోణీయ వేగం ఇంత తొందరగా పడిపోతోందంటే లోపల ఏదో పట్టేస్తోంది. ఏం పూశారు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"లారీ చక్రాల గ్రీజు."

"ఎందుకూ?"

"స్టూలు బాగైపోతే మీరు రారుగా, మేడమ్."

ఆవిడ కాగితం మడిచింది. "ముందు సరిగ్గా చేసివ్వండి."

అతను బేరింగు తీసి కిరసనాయిలుతో కడిగాడు. సన్న నూనె రెండు చుక్కలు వేశాడు. ఇంత శ్రద్ధగా, ఇంత దిగులుగా అతను ఏ పనీ చేసి ఎరగడు.

ఆవిడ తోసింది. ఇద్దరూ లెక్కపెట్టారు. ఇరవై.

"ఇక మీకు నాతో పనిలేదు," అన్నాడు, తల వంచుకుని.

"మొదటిసారీ లేదు. పద్దెనిమిది చుట్లు తిరిగే స్టూలుకు రోగమేముంటుందండీ? ల్యాబుకు తాళం వేశాక నాతో మాట్లాడేవాళ్ళు లేరు. చేతిలో ఏదీ లేకుండా మీ షాపుకెలా రాను?"

ఆవిడ స్టూలెక్కి రెండు చేతులూ చాచింది.

"తోయండి. పిల్లలకు చూపించే పాఠం ఇదే."

మెల్లగా తోశాడు. చేతులు గుండెకు దగ్గరగా ముడుచుకోగానే ఆవిడ గిర్రున తిరిగింది. ఎన్నాళ్ళకో ఆ షాపులో నవ్వు వినిపించింది.

"దీన్ని మోయలేక నడుం పడిపోయింది," అంది దిగుతూ. "రేపు చేతులూపుకుంటూ వస్తాను. టీ ఇస్తారా?"

"ఇస్తాను," అన్నాడు.

ఆవిడ వెళ్ళగానే షట్టరు దించి, రెండో గ్లాసు కొనడానికి బజారుకు బయల్దేరాడు.