చెలిమ కాడ కూసున్నది

పినపాక దాటినంక అడవి మొదలయ్యే కాడ మా వాగు. ఆ వాగుల నల్లబండ రేవు పేరెత్తితే చాలు, ఇసుక ట్రాక్టర్లోళ్లు బీడీ సగంల పారేస్తరు. చీకటి పడ్డంక అక్కడ ఇంజన్ ఆపొద్దంటరు. ఆపితే వినపడతదంట...

గీక్... గీక్...

చిప్పతోని ఇసుక గీకిన చప్పుడు. తర్వాత నీళ్లు ఒంపిన చప్పుడు. తర్వాత ఏమీ ఉండదు.

తెల్లారి చూస్తే ఇసుకల కొత్త అడుగులుంటయి. అన్నీ ఒడ్డు నుంచి వాగులకు పోయినవే — తిరిగి వచ్చినవి ఒక్కటి లేవు.

మా ఇరవై ఇండ్ల చెలిమ ఆ రేవులనే ఉంది. వాగు ఎండినా ఇసుకల మోచేతి లోతు తీస్తే నీళ్లు ఊరుతయి. మొదట వచ్చిన మురికి నీళ్లు ఎత్తిపోసి ఓపికగ కూసుంటే కొబ్బరినీళ్ల లెక్క తేటగ అయితయి. కింద రేవులల్ల ఇసుక తవ్వుకపోయిండ్రు. ఇసుకతోనే ఊట కూడా పోయింది. ఇప్పుడు మాకు తాగేతందుకు మిగిలింది ఈ ఒక్క చెలిమనే.

ఈ కథ నాకు నాగరాజు చెప్పిండు. మా ఊరి పిలగాడే, ట్రాక్టరు డ్రైవరు. నోటితోని తక్కువ, కండ్లతోని ఎక్కువ మాట్లాడతడు.

దెయ్యం భయానికి కూలోళ్లెవరూ నల్లబండ రేవుకు పోతలేరని ఓనరు వీన్ని పిలిచిండంట. నువ్వా ఊరోనివే గదా, దెయ్యం నీకు చుట్టమే అయి ఉంటదని నవ్విండంట. ఈ రాత్రి ఒక్కనివే పోయి సగం ట్రాలీ అయినా నింపుకరా. నువ్వు మంచిగ తిరిగొస్తే అందరి భయం పోతది, పొద్దుగాలనే పొక్లెయిన్ దింపుత. పోనంటవా, తాళంచెవి ఇచ్చి పో — అన్నడంట.

ఆ తాళంచెవి మీదనే వాళ్లింట్ల పొయ్యి వెలుగుతది. పోయిండు.

రేవుల దిగిండు. ఇంజన్ ఆపిండు.

అడవి ఒక్కసారి మీద పడ్డట్టయింది. వెన్నెలకు ఇసుక, బియ్యప్పిండి జల్లెడ పట్టి ఆరబోసినట్టుంది. ఆ తెలుపు నడుమ నల్లగ ఒక ముద్ద... జుట్టు విరబోసుకుని... ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

గీక్... గీక్...

నాగరాజు పార ఇంకా ఇసుకకు తాకనేలేదు.

చప్పుడు ఆగింది. ముద్ద లేచి నిలబడ్డది. నడుచుకుంట వచ్చింది. చేతిల ఏదో గుండ్రంగ, తలకాయ లెక్క వేలాడుతుంది. వీడు పార ఎత్తి పట్టుకున్నడంట. దగ్గరకొచ్చి దాన్ని మొహం ముందుకు చాపింది —

"తాగు. నోరు ఎండిపోయి ఉంటది."

అది సొరకాయ బుర్ర. పట్టుకున్నది ముత్తక్క. పగలంతా మంచంల గురకపెడతదని మేం నవ్వుకునే ముసలామె.

"అవ్వా... నువ్వా దెయ్యం?"

"కింద రేవుకు మిషన్ వచ్చిన్నాడు మనిషి లెక్క అడ్డం కూసున్న. నలుగురు లేపి గడ్డిమోపు లెక్క ఒడ్డు మీద పెట్టిండ్రు. అప్పటిసంది ఈడ దెయ్యం లెక్క కూసుంటున్న. ఒక్కడన్న దగ్గరికొచ్చిండా?"

ఇంటికి పోయేటప్పుడు వెనక్కి నడుస్తదంట, అందుకే అడుగులన్నీ వాగుదిక్కే. నడుం పడిపోతుందిర అని గొణిగిందంట. గీకుడేమో చెలిమ పూడకుండ తీసుడు. రాత్రి తీస్తేనే తెల్లారేసరికి నిండుతది.

నాగరాజు పార పట్టుకొని అట్లనే నిలబడ్డడు. ముత్తక్క పోయి మళ్ళ చెలిమ పక్కన కూసున్నది.

"తవ్వుతవా? ఈడికెల్లే మొదలువెట్టు. నేను లెవ్వ."

తెల్లారకముందే ఓనరు వాకిట్ల ట్రాక్టరు ఆగింది. ట్రాలీ ఖాళీ. నాగరాజు తాళంచెవి గడప మీద పెట్టిండు.

"ఉంది. నేను చూసిన."

గంతే అన్నడు. పొక్లెయిన్ రాలే.

ఇప్పుడు నల్లబండ రేవుల దెయ్యాలు మూడయినయంట. ఒకటి ముసలిది. ఒకటి మగది, పార భుజాన వేసుకొని చెలిమ చుట్టూ తిరుగుతదంట. మూడోదానికి కాళ్ల పట్టీలు ఘల్లుమంటయి... మొహం మాత్రం ఎవరికీ కనపడలేదంట.

ఎట్ల కనపడతది? జుట్టంతా నేను మొహం మీదికి వేసుకుంట గదా. వెనక్కి నడుచుడే నాకింక సరిగ రాలే. నిన్న రెండుసార్లు పడ్డ. నాగరాజు నవ్విండు. దెయ్యాలు నవ్వొద్దని ముత్తక్క కసిరింది.

రాండ్రి... ఇంజన్ ఆపుండ్రి. మేం అక్కడ్నే కూసుని ఉంటం.