ఎనిమిది మందికి ఒకే దెబ్బ

మానేరు కట్ట మీద ఆ ఉదయం మూడు వందల మంది పరుగెడుతున్నారు. అడుగుల చప్పుడు తప్ప మరో అలికిడి లేదు. ఆ చప్పుడు కూడా పరుగెత్తేవాళ్లకు వినిపించదు. ప్రతి ఒక్కరి చెవిలో మినపగింజంత శ్రవణిక ఉంది. అది నాడి చూసి ఆసుపత్రికి చేరవేస్తుంది, ఊపిరి లెక్కిస్తుంది, ఏ గుండెకు తగిన పాట ఆ గుండెకు వినిపిస్తుంది. దగ్గరి మాటను మాత్రం ఉంచి, బయటి గోలను తుడిచేస్తుంది. నిశ్శబ్ద శాసనం వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు కరీంనగర్‌లో పెళ్లి బ్యాండు కూడా చెవుల్లోనే మోగుతుంది.

కట్ట కింది మైదానంలో ఎనిమిది మంది ఆడవాళ్లు తాడు పట్టుకుని వెనక్కి వాలి ఉన్నారు. తాడు రెండో కొస ఇసుక నింపిన ట్రాక్టరు ట్రాలీకి కట్టి ఉంది. ట్రాలీ కదలడం లేదు.

వాళ్లకు ఆట నేర్పే హన్విక నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. బడిలో వ్యాయామ టీచరుగా చేసి మానేసింది. ఆమె జట్టు జిల్లా తాడులాగుడు పోటీల్లో మూడేళ్లుగా మొదటి ఆటలోనే ఓడిపోతోంది. బలం లేక కాదు. తాడు చివర నిలబడే రిత్వి ఒక్కతే వడ్ల బస్తాను భుజానికెత్తుకుని మెట్లెక్కగలదు.

హన్విక తన శ్రవణిక తీసి జేబులో వేసుకుంది. మనుషుల్ని వదిలేసి తాడునే చూసింది. తాడు వణుకుతోంది. ముందున్నామె లాగి సడలించేసరికి మూడో ఆమె లాగుతోంది. ఆమె ఊపిరి పీల్చుకునేసరికి రిత్వి లాగుతోంది. ఎవరి కండరాలు ఏ క్షణాన సిద్ధంగా ఉంటే ఆ క్షణాన శ్రవణిక వాళ్లకు 'లాగు' అని చెబుతోంది. ఎవరికి చెప్పింది వాళ్లకు సరైనదే. కానీ ట్రాలీ మాత్రం ఉన్నచోటే ఉంది.

"హై!" అని అరిచింది హన్విక. ఒక్కరూ తల తిప్పలేదు. ఆ అరుపును ఎనిమిది శ్రవణికలూ హానికర శబ్దంగా లెక్కగట్టి చెరిపేశాయి.

ఆమె వెళ్లి ఒక్కొక్కరి భుజం తట్టి అవి తీయించింది. మళ్లీ అరిచింది. జలాశయం మీంచి వచ్చే గాలి సగం మాటను ఎత్తుకుపోయింది. పైగా గొంతుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె కేక నాలుగో మనిషిని దాటదు.

"అక్కా, నీ గొంతు నా దాంక వస్తలేదు," అంది రిత్వి చివరి నుంచి.

"వచ్చేటట్టు చేస్త," అంది హన్విక.

ఆ మధ్యాహ్నమే ఆమె పాత యంత్రాలు బాగుచేసే రెహాన్ దుకాణానికి వెళ్లింది. స్పీకర్ అమ్మడం నేరం కాదు, ఆరుబయట మోగించడమే నేరం. కొనేవాళ్లు అద్దాల బీరువాలో బొమ్మల పక్కన పెట్టుకుంటారు.

"అలంకారానికేనా బెహెన్?" అన్నాడు రెహాన్.

"కాదు భాయ్. మైదానంల మోగించనీకి. నీతోని అబద్ధమెందుకు?"

 రెహాన్ దుకాణం తలుపు మూసి, మూడు స్పీకర్లను వెనక ఖాళీ జాగాలో పెట్టాడు. హన్విక చేతికి మైకు ఇచ్చాడు.

మొదటిది సన్నగా, రంగురంగుల దీపాలతో మిలమిలలాడుతోంది. మైకులో "హై!" అంది హన్విక. రెప్పపాటు గడిచాక అది "హై!" అంది.

"ఇది తీసెయ్. నేను అన్నంక అంటున్నది. ఆ సందుల తాడు జారిపోతది."

రెండోది మేకపోతంత ఉంది. రెహాన్ అందులో డప్పు పాట పెడితే, ఆ మోతకు గోడ మీది పెంకులు కదిలాయి. అతను గర్వంగా నవ్వాడు. హన్విక నలభై అడుగుల దూరం నడిచి, వీపు తిప్పి నిలబడి విన్నది. డప్పు దెబ్బ వినిపిస్తోంది గానీ, అది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతోంది.

"మోత ఎక్కువ, దెబ్బ తక్కువ. పైంగ దీన్ని మొయ్యనీకే ఇద్దరు గావాలె."

మూడోది చిన్న బిందెంత ఉంది, చుట్టూ నల్ల రబ్బరు తొడుగు. చూడ్డానికి ఏమంత బాగాలేదు. హన్విక దాని మీద చెంబెడు నీళ్లు పోసింది, గుప్పెడు మట్టి చల్లింది. రెహాన్ అడ్డుపడేలోగా అరుగు మీంచి కింద పడేసింది. అప్పుడు దూరంగా నడిచి మైకులో అరిచింది. తన నోట్లోంచి వచ్చిన క్షణాననే, ఎండుకట్టె విరిగినట్టు, "హై!" అని వినిపించింది.

"ఒక్కసారి నింపితే ఎంతసేపు నడుస్తది?"

"పొద్దుందాంక. కానీ బెహెన్, పట్టుకపోతరు."

"పట్టుకపోనీ."

మర్నాడు ఎనిమిది మందీ శ్రవణికలు తీసి గుడ్డలో మూటగట్టారు. మొదట భయపడ్డారు. తమ రొప్పు తమకే వికారంగా వినిపించింది. పాట లేకుండా ఒళ్లు బరువనిపించింది. హన్విక స్పీకర్‌ను తాడు నడిమధ్యన పెట్టింది. "హై!" అంది. తాడు వణికింది. మళ్లీ అంది. నలభయ్యోసారికో యాభయ్యోసారికో తాడు కర్రలా బిగిసింది. ట్రాలీ చక్రం మూలిగి, బెత్తెడు జరిగింది.

రిత్వి తాడు వదిలేసి కింద కూర్చుంది. "అక్కా, ఆ దెబ్బ నా ఊపిరికి సరిపోతలేదు. జర తొందరొస్తున్నది."

"నాకు జర ఆలస్యమొస్తున్నది," అంది ముందున్నామె.

అందరూ అదే అన్నారు. ఆ దెబ్బ ఎవరికీ సరిగ్గా సరిపోవడం లేదు. అయినా ట్రాలీ కదిలింది. రిత్వి మురికి చేతుల్తోనే కళ్లు తుడుచుకుని లేచి, మళ్లీ తాడు పట్టుకుంది.

నాలుగో రోజు ధ్వని తనిఖీదారు శ్రేయాన్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మర్యాదస్తుడు. "దాన్ని బంద్ చెయ్యండి మేడం," అన్నాడు.

"ఎవరికి ఇబ్బందైంది బిడ్డా?" హన్విక కట్ట వైపు చేయి చూపింది. "చెవుల శ్రవణిక ఉన్నోళ్లకు ఇది వినవడదు. తీసినోళ్లు ఇందామనే తీసిన్రు. మరెవరి కోసం బంద్ చెయ్యాలె?"

శ్రేయాన్ చలానా పుస్తకం తెరిచాడు. "శాసనం ఉంది కదా మేడం. ఇట్లయితే మీ జట్టును పోటీల నుంచి కూడా తీసేస్తరు."

"తీసెయ్యమను. పేరు రాసుకో. హన్విక. రెండోసారి పట్టుకున్నప్పుడు వెతుక్కునే పని లేకుండ చిరునామా గూడ రాసుకో." ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుని మరింత గట్టిగా అంది: "హై!"

ఆడవాళ్లు లాగారు. శ్రేయాన్ చెవిలో చిన్నపాటి వీణ మోగుతోంది. కళ్ల ముందు ఎనిమిది వీపులు ఒక్కసారిగా వాలుతున్నాయి, ఒక్కసారిగా లేస్తున్నాయి. అలాంటిది అతనెప్పుడూ చూడలేదు. కట్ట మీద పరుగెత్తేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. అతను తేరుకుని, వంగి స్పీకర్‌ను ఎత్తి వాహనంలో పెట్టుకున్నాడు. "క్షమించండి," అని వెళ్లిపోయాడు.

 హన్విక మైకు పారేసి, నోరు తెరిచి అరిచింది. గొంతు చీలిపోయింది, కేక బయటికి రాలేదు.

"హై!" అని వినిపించింది.

అన్నది రిత్వి. ఏళ్ల తరబడి గట్టిగా వాడని గొంతు, బొంగురుగా, మోటుగా ఉంది. రెండోసారి ఎనిమిది మందీ అన్నారు. ట్రాలీ కదిలింది. కట్ట మీద ఒకతను చెవి లోంచి శ్రవణిక తీశాడు. అతన్ని చూసి పక్కనున్న ఇద్దరు తీశారు. తర్వాత ఎవరు తీశారో, ఎంతమంది తీశారో చెప్పడం కష్టం. జనం వాలు దిగి వచ్చి తాడు చుట్టూ నిలబడ్డారు. లాగేవాళ్లతో పాటు తామూ "హై!" అన్నారు. ట్రాలీ ఇసుకతో సహా మైదానం ఆ చివరికి దొర్లింది.

అప్పుడే నాలుగు అంబులెన్సులు కట్ట దిగి దూసుకొచ్చాయి.

ఒక మనిషి శ్రవణిక తీస్తే స్నానానికి వెళ్లాడనుకునే తెలివి నాడులు కాచే ఆసుపత్రి వ్యవస్థకు ఉంది. నూట ఇరవై మంది ఒకేచోట, ఒకేసారి, కావాలని తీసేస్తారని దాన్ని తయారుచేసిన వాళ్లకు ఎన్నడూ తట్టలేదు. ఆసుపత్రి తెర మీద నూట ఇరవై గుండెలు ఆగిపోయాయి.

మొదటి బండి లోంచి ఒక నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. చెమటలు కక్కుతూ, బొంగురు గొంతులతో నవ్వుతున్న జనాన్ని చూసి నిలబడిపోయింది. పెదాలు కదిపి ఏదో అడిగింది. ఎవరో జవాబిచ్చారు, అంత గోలలో ఆమె శ్రవణిక ఆ జవాబును చెరిపేసింది. ఆమె విసుగ్గా దాన్ని ఊడబెరికింది.

"చచ్చిపోయింది ఎవరు?" అని అరిచింది.

 హన్విక నర్సు మణికట్టు పట్టుకుని తీసుకెళ్లి, రిత్వి వెనక ఖాళీగా ఉన్న తాడు కొసను ఆమె చేతుల్లో పెట్టింది.