రెండు ఉత్తరాల మెయిల్

"ఏజెంట్ హనోకూ, మిషన్ పేరు వరికంకి. శత్రువు గురి పులిగడ్డ అక్విడక్ట్, ఏటి మీదుగా కాలవని దాటించే వంతెన. అది పేలితే దివిసీమ పొలాలకి నీళ్లుండవు. ఎప్పుడు పేలుస్తారో ఇంద్రజ చెబుతుంది. ఆమెని ప్రాణాలతో బయటికి తెచ్చే పూచీ నీది."

2001 ఫిబ్రవరి. బందరు ఆఫీసులో చీఫ్ గంగాధరరావు ఇచ్చిన బ్రీఫింగ్ అంతే.

గుడివాడలో రొయ్యల మేత కంపెనీ బోర్డు పెట్టుకున్న విదేశీ ముఠాకి ఇంద్రజ కంప్యూటర్ ఆపరేటర్. నల్ల కళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, నడిస్తే సెంటు వాసన. ముఠా నాయకుడు 'కెప్టెన్' ఆమెని తన మనిషే అనుకునేవాడు. అయినా ఆమె పంపే ప్రతి మెయిలూ తెరిచి చూసేవాడు.

అందుకే హనోకు మెకానిక్ వేషంలో వెళ్లి ఆమెకో కిటుకు నేర్పాడు.

"రంగులూ టేబుల్సూ పెట్టి పంపే మెయిల్లో రెండు ఉత్తరాలుంటాయండీ. ఒకటి రంగులది. రెండోది ఉత్త అక్షరాలది, రంగులు చూపలేని పాత ప్రోగ్రాముల కోసం. ఏ ప్రోగ్రామైనా రెంటిలో ఒకటే చూపిస్తుంది. అందరికీ అర్థం కావాలంటే రెండింట్లోనూ ఒకే సంగతి రాయాలి."

"మనం మాత్రం వేరే వేరే రాస్తామన్నమాట."

"అంతేనండి. కెప్టెన్‌ది కొత్త ప్రోగ్రాం. వాడికి మేత రేట్లు కనపడతాయి. మేత కొనేవాళ్ల పేరుతో ఉన్న మా ఆఫీసుది పాత డబ్బా. మాకు నిజం కనపడుతుంది."

ఇంద్రజ గొంతు తగ్గించింది. "పనయ్యాక నన్ను బందరు తీసుకెళ్లి సముద్రం చూపిస్తారా? గుడివాడలో పుట్టి ఇంతవరకూ చూళ్లేదంటే నవ్వుతారు."

హనోకు నవ్వలేదు. మాటిచ్చాడు.

గురువారం అతను జాలరి వేషంలో పులిగడ్డలో కాపలా ఉన్నాడు. మెయిల్ రాగానే చీఫ్ అక్కడి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేయాలి. ఒంటిగంటన్నరైనా ఫోన్ మోగలేదు. అతనే చేశాడు.

"మెయిలా? పదింటికే వచ్చిందయ్యా!" గంగాధరరావు గొంతులో సంబరం. "ఎంత బాగుందనుకున్నావ్! ఆకుపచ్చ టేబులు, పైన రొయ్య బొమ్మ. రేట్లే, విశేషం లేదు."

హనోకు మాటకి అడ్డొచ్చాడు. "మన డబ్బాలో బొమ్మలు కనపడవు సార్. ఎందులో చూశారు?"

"పొద్దున కొత్త కంప్యూటర్ వచ్చింది కదా. పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మంచి ఘడియలో మొదటి మెయిల్ దాంట్లోనే తెరిచాం. పాతదాన్ని బీరువా ఎక్కించాం. కొత్తదాంట్లో అన్నీ కనపడతాయనుకున్నానయ్యా."

"మెయిల్ సోర్స్, అంటే దాని అసలు రూపం, తెరవండి సార్. పైన ఉత్త అక్షరాలుంటాయి. చదవండి."

ఫోన్లో మౌసు నొక్కుళ్లు వినిపించాయి. తర్వాత గంగాధరరావు చదివాడు.

"అక్విడక్ట్ మూడో స్తంభం. రెండు గంటలకి పేలుతుంది. నా మీద అనుమానం వచ్చింది. గుడివాడ బస్టాండ్‌లో ఉంటాను. పన్నెండులోపు రండి."

ఒంటిగంటా నలభై రెండు.

"గుడివాడకి జీపు పంపండి సార్!" అని అరిచి హనోకు ఏట్లోకి పరిగెత్తాడు. మూడో స్తంభం దగ్గర ఎవరూ లేరు. నీళ్లలో మునిగి వెతికితే, నాచు కింద మైనం పూసిన పెట్టె చేతికి తగిలింది. ఎర్ర తీగ కోసేసరికి టైమర్ మీద నాలుగు సెకన్లు మిగిలాయి. పైన నీళ్లు ఎప్పట్లాగే దివిసీమకి పోతున్నాయి.

కెప్టెన్ ముఠాతో సహా సాయంత్రం పెదపారుపూడి దగ్గర దొరికాడు. ఇంద్రజ అక్కడి కాలవలో దొరికింది.

మర్నాడు హనోకు గుడివాడ బస్టాండ్‌కి వెళ్లాడు. సోడాలమ్మే చిట్టెమ్మ చెప్పింది:

"కళ్లద్దాలావిడేనా? ఒంటిగంట దాకా ఆ బెంచీ మీదే కూచుందయ్యా. బందరు బస్సొచ్చినప్పుడల్లా లేచి చూసేది. 'ఎవరి కోసమమ్మా' అంటే, 'వస్తారండీ, మాటిచ్చారు' అంది. తర్వాత జీపులో ఎవరో వచ్చి లాక్కుపోయారు."

హనోకు ఆ బెంచీ మీద కూర్చున్నాడు. రెండు బందరు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి.

సోమవారం ఢిల్లీ నుంచి అభినందనల మెయిల్ వచ్చింది. రంగుల్లో ఎంత రాశారో ఉత్త అక్షరాల్లోనూ అంతే రాశారు. గ్రహీతల వరసలో ఇంద్రజ పేరు కూడా ఉంది.

గంగాధరరావు తలెత్తకుండా అడిగాడు. "ఆవిడ కంప్యూటర్లో ఇది తెరుచుకుంటుందంటావా?"

"ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకుంటుంది సార్," అన్నాడు హనోకు. "తెరిచే మనిషే లేదు."