గురక పెట్టే కంప్యూటర్

“మా మరిదిని ఇంట్లోంచి పంపించేస్తున్నానండీ. తప్పు అతనిదేనని ముందు తేలాలి. లేకపోతే నాకు నిద్ర పట్టదు,” అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది.

డిటెక్టివ్‌ని ఊరంతా నిదానం గారనే పిలుస్తుంది. ఆయన సహాయకురాలి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ఆమె తొందరే. వచ్చినావిడ కళ్ళు తుడుచుకునేలోపే తొందర మనసులో ఆ మరిదికి శిక్ష కూడా వేసేసింది.

ఆవిడ ఇంట్లో కూర్చుని వీడియోలు కూర్చే పని చేస్తుంది. గంటలకొద్దీ నడిచే చివరి దశ మొదలుపెట్టి వంటకు లేస్తే చాలు, కంప్యూటర్ ఠక్కున ఆరిపోతోంది. చిన్నాచితకా పనులకు ఏమీ కాదు. మెకానిక్ తన షాపులో అదే వీడియో పెట్టి నడిపితే నిక్షేపంలా నడిచింది. ఇంటికి తెచ్చారో లేదో మళ్ళీ మొదలు. ఆరిపోయిన ప్రతిసారీ, ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటున్న మరిది ఆ గదిలోనే కనిపిస్తున్నాడు.

వాళ్ళిద్దరూ ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి వరండాలో సర్దిన సంచి, దాని పక్కనే తల వంచుకుని మరిది.

“వీడేం చేశాడయ్యా?” అంది గుమ్మంలో అత్తగారు. “ఆ యంత్రమే గురక పెట్టి పెట్టి ప్రాణం విడుస్తోంది, పాపం!”

తొందరకి నవ్వొచ్చింది. నిదానం గారు మాత్రం నవ్వలేదు.

గదిలో బల్ల కింద, మడతపెట్టిన బొంత మీద కంప్యూటర్ పెట్టె అడ్డంగా ఉంది. ఆయన వంగి దాని పక్కలు తడిమి చూశారు.

“దీన్నిలా వాల్చిందెవరు?”

“మరిదేనండీ. అడిగితే ఒప్పుకున్నాడు కూడా. వాల్చినంత మాత్రాన ఆరిపోదులే అని అలాగే వదిలేశాను,” అంది కోడలు.

“ఎందుకు వాల్చావు బాబూ?”

“దుమ్ము పడకుండా...” మరిది నసిగాడు.

“మరి బొంత?”

“అదీ... దుమ్ముకే.”

“ఆరిపోయేటప్పుడు గదిలో నీకేం పని?”

“మోత వినిపిస్తే చూద్దామని పరిగెత్తుతానండీ. నేను వెళ్ళేసరికి ఆరిపోతుంది.”

“దొంగ దొరికాడు సార్!” తొందర గుసగుసలాడింది.

“నిదానమే ప్రధానమమ్మా. అందర్నీ కూర్చోమను.”

అందరూ కూర్చున్నాక ఆయన అత్తగారి వైపు తిరిగారు. “గురక పెట్టేది పడుకున్నవాళ్ళే కదా పెద్దమ్మగారూ. దీన్ని పడుకోబెట్టింది మీరే కదూ?”

“అవును నాయనా. కోడలే ఫోన్ చేసింది, ‘హడావిడిలో వచ్చేశానత్తయ్యా, కంప్యూటర్ని కాస్త పడుకోబెట్టండి’ అని. ఒట్టి నేల మీద ఎలా పడుకోబెడతాను? నా బొంత పరిచాను. షాపునుంచి వచ్చాకా నేనే.”

“అయ్యో! నేను స్లీప్ బటన్ నొక్కమన్నానత్తయ్యా!” కోడలు నుదురు కొట్టుకుంది.

“గాలి ఆడే రంధ్రాలు పెట్టె పక్కభాగంలో ఉన్నాయి. వాటిని బొంత మూసేసింది,” అన్నారు నిదానం గారు. “చిన్న పనికి తట్టుకుంటుంది. పెద్ద పనికి వేడెక్కి, లోపలి ఫ్యాను మోత పెడుతుంది. అదే మీరు విన్న గురక. ఇక లాభం లేదనుకుని, కాలిపోకుండా తనంతట తానే ఆరిపోతుంది. షాపులో నిలబెట్టారు కాబట్టి నడిచింది.”

కోడలు మరిది వైపు తిరిగింది. “మరి నేనే వాల్చానని ఎందుకన్నావు?”

“ఎవరు కదిపారని నువ్వు కేకలేశావు కదా వదినా. కోడలి పని చేసిపెట్టానని అమ్మ మురిసిపోతోంది. ఆ కేకలు అమ్మ మీద పడితే తట్టుకోలేదు. నాకు తిట్లు అలవాటే.”

తొందరకి కళ్ళు చెమర్చాయి. వేసిన శిక్షను మనసులోనే కొట్టేసింది.

పెట్టెను నిలబెట్టి పని మొదలుపెట్టారు. వీడియో పూర్తయ్యేదాకా కంప్యూటర్ కిక్కురుమనలేదు. కోడలు వరండాలోంచి సంచి తనే మోసుకొచ్చింది. బొంత దులిపి మరిది మంచం మీద పరిచింది.

“పడుకోబెట్టాల్సింది దాన్ని కాదత్తయ్యా,” అంది, “వీణ్ణి. కంటి మీద కునుకు లేకుండా చేశాను.”